పిల్లల కాళ్ళకి అక్కర్లేని ఇన్‌సోళ్ళు, రోజంతా నిలబడే ఆడాళ్ళకి నొప్పి మాత్రలు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మన వైజాగ్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మద్దిలపాలెంలో ఉంటున్నా. ఈ మధ్య సిటీలో ఒక కొత్త సరదా మొదలైంది, మీ రిపోర్టర్లు కూడా చూసే ఉంటారు, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ప్రైవేటు స్కూళ్ళలో, ఆదివారం పూట ఉచిత పాదాల స్కానింగ్ క్యాంపు అని ఫ్లెక్సీ కట్టేసి పిల్లల్ని వరసగా ఒక పలక మీద నిలబెడుతున్నారు. కంప్యూటర్లో అరికాలు ఎర్రగా, పసుపుగా, పచ్చగా కనిపిస్తుంది, తల్లిదండ్రులకి అందులో ఏం అర్థమవుతుంది, ఎరుపు చూస్తేనే గుండె జారిపోతుంది. "మీ బాబుకి ఫ్లాట్ ఫుట్, అంటే చదును పాదం అండి, ఇప్పుడే సరిచెయ్యకపోతే రేపు మోకాళ్ళు అరిగిపోతాయి, నడుం పట్టేస్తుంది" అంటారు, నాలుగైదు వేలు కట్టించుకుని బూటు లోపల కాలి కింద పెట్టుకునే ఓ జత ఇన్‌సోళ్ళు చేతిలో పెడతారు, ఏడాది తిరిగేసరికి కాలు పెరుగుతుంది కాబట్టి మళ్ళీ కొత్తవి. స్కానింగ్ ఉచితమే, నిజమే, అబద్ధం ఏం లేదు.

మా వీధిలో వాళ్ళు కూడా ఇలాగే ఐదేళ్ళ గుంటడిని తీసుకొచ్చి "మాస్టారూ, ఈడి కాళ్ళు ఒకసారి సూడండి, ఆళ్ళు ఇలా సెప్తన్నారు" అని అడుగుతుంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే బదులు మీ పేపర్లో రాస్తే నలుగురికీ తెలుస్తుందని ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెప్తున్నా, కానీ గ్రౌండ్లో పిల్లల కాళ్ళు చూడటమే నా ఉద్యోగం, దాని కోసం చదవాల్సింది చదివాను, అడగాల్సిన ఆర్థో డాక్టర్లని అడిగాను.

ఐదేళ్ళ పిల్లాడికి పాదం చదునుగా ఉండటం జబ్బు కాదండి. పుట్టిన ప్రతి బిడ్డకీ అరికాలు చదునే, లోపలి వంపు ఉండాల్సిన చోట కొవ్వు మెత్తగా నిండి ఉంటుంది, కీళ్ళు కూడా వదులుగా ఉంటాయి, నిలబడితే పాదం మొత్తం నేలకి అంటుకుపోతుంది. నడక వచ్చి, పరిగెత్తి, గెంతి, చెట్లెక్కి, అలా ఆరేడేళ్ళ నుంచి పదేళ్ళ లోపు మెల్లగా వంపు తేలుతుంది. కొందరికి పెద్దయ్యాక కూడా తేలదు, అయినా నొప్పి గిప్పి ఏమీ లేకుండా జీవితాంతం నడిచేస్తారు. మా సర్వీసులో వంద మీటర్ల పరుగులో జిల్లాకి సెలెక్ట్ అయిన పిల్లల్లో కూడా చదును పాదాలవాళ్ళు ఉండేవారు.

ఇన్‌సోల్ పెడితే వంపు వస్తుంది అన్న మాట కూడా పరీక్షించి చూసేశారు ఎప్పుడో. 1989లో అమెరికాలో వెంగర్ అనే ఎముకల డాక్టరు వాళ్ళ టీమ్ ఒకటి ఏడాది నుంచి ఆరేళ్ళ లోపు చదును పాదాల పిల్లల్ని గుంపులుగా చేసి, కొందరికి ప్రత్యేకం బూట్లు, కొందరికి మడమ కప్పులు, కొందరికి కాలి అచ్చు తీసి చేసిన ప్లాస్టిక్ ఇన్‌సోళ్ళు, ఇంకో గుంపుకి ఏమీ లేకుండా మామూలు బూట్లు ఇచ్చి మూడేళ్ళు చూశారు. మూడేళ్ళ తర్వాత ఎక్స్‌రేలు తీస్తే అన్ని గుంపుల్లోనూ పాదాలు మెరుగయ్యాయి, ఏమీ ఇవ్వని గుంపుతో సహా, తేడా ఏం లేదు. అంటే ఆ వయసులో ఇన్‌సోల్ పెట్టినా పెట్టకపోయినా వచ్చే వంపు వస్తుంది, క్రెడిట్ మాత్రం ఇన్‌సోల్ అమ్మినోడు కొట్టేస్తాడు.

మన దక్షిణాదిలోనే జరిగిన పరిశోధన ఇంకొకటి ఉంది, దాని గురించి మన పేపర్లలో నేనెక్కడా చదవలేదు. 1992లో రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగేళ్ళ నుంచి పదమూడేళ్ళ వయసున్న 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూస్తే, చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి ఫ్లాట్ ఫుట్ ఉంది, వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 శాతమే. అందులోనూ వేళ్ళు మూసేసే బూట్లు వేసే పిల్లల్లో ఎక్కువ, చెప్పులు, శాండిల్స్ వాళ్ళలో తక్కువ. మూడేళ్ళ నర్సరీ పిల్లకి గట్టి అట్టలాంటి నల్ల బూట్లు లేసు బిగించి పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంచే స్కూళ్ళ యాజమాన్యాలకి ఈ లెక్క ఎవరైనా చూపిస్తే బాగుణ్ణు. వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళి, గాజు పెంకులు లేని చోటు చూసి, ఇసకలో వట్టి కాళ్ళతో వదిలేయండి, దానికి బిల్లు ఉండదు.

మరి అసలు సమస్య ఉన్న కాలు ఏది, లేనిది ఏది అని ఎలా తెలుస్తుంది అంటారు. మేము స్కూల్లో చేసేది చెప్తాను. కోర్టు గీతలు గీసే సున్నం పొడి వరండా గచ్చు మీద పల్చగా చల్లి పిల్లాడిని దాని మీద నిలబెట్టి పక్కన సిమెంటు మీదకి అడుగెయ్యమంటే ముద్ర పడుతుంది. వంపు ఉన్న కాలికి మడమకీ వేళ్ళ కిందకీ మధ్య లోపలివైపు ఖాళీ ఉంటుంది, చదును కాలికి మొత్తం నిండిపోయి పడుతుంది. ఇంట్లో తడికాలు పాత పేపరు మీద పెట్టినా ఇదే. కానీ అసలు సంగతి దీని తర్వాతది. వాణ్ణి వెనక్కి తిప్పి నిలబెట్టి మునివేళ్ళ మీద లేవమనాలి. మడమలు పైకి లేచేకొద్దీ అప్పటిదాకా కనపడని వంపు అరికాలి లోపలివైపు చటుక్కున తేలుతుంది, బయటికి వాలిన మడమలు రెండూ లోపలికి తిరుగుతాయి, చూస్తుంటేనే తెలిసిపోతుంది. నిలబడి ఉండగా బొటనవేలిని చేత్తో పైకెత్తినా ఇదే జరుగుతుంది, అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది, బొటనవేలు లేస్తే అది చుట్టుకుని బిగుసుకుని వంపుని పైకి లాగుతుంది, ఈ పద్ధతిని 1954లోనే హిక్స్ అనే ఆయన వివరంగా రాశాడు. ఇలా వంపు తేలితే అది మెత్తని ఫ్లాట్ ఫుట్, ఫ్లెక్సిబుల్ అంటారు డాక్టర్లు. నొప్పి లేకపోతే దానికి ఏమీ చెయ్యక్కర్లేదు. మునివేళ్ళ మీద లేచినా వంపు రాలేదు, పాదం చెక్కలా బిగుసుకుని ఉంది, లేదా పది పన్నెండేళ్ళ వయసులో పిల్లాడు ఆడటం మానేసి కాలు నొప్పి అని కూర్చుంటున్నాడు, లేదా ఒక కాలు మాత్రమే చదును, రెండోది బాగుంది అంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఎముకల డాక్టరుకి చూపించాలి. లోపల రెండు ఎముకలు విడివిడిగా ఉండాల్సింది పుట్టుకతోనే అతుక్కుని ఉండొచ్చు, అది స్కానింగ్ పలక మీద తేలే విషయం కాదు.

ఇక్కడే పోలీసు, ఆర్మీ సెలక్షన్ల కుర్రాళ్ళ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. మన ఉత్తరాంధ్ర నుంచి ఎంతమంది కుర్రాళ్ళు తెల్లవారకుండానే బీచ్ రోడ్డులో పరుగెడుతుంటారో మీకు తెలుసు. మన రాష్ట్ర పోలీసు నోటిఫికేషన్లో నాక్ నీ (నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగలడం), వేరికోస్ వెయిన్స్ (కాళ్ళలో నరాలు ఉబ్బడం) వాటితో పాటు ఫ్లాట్ ఫుట్ కూడా అనర్హతల్లో రాసి ఉంటుంది, దాంతో కుర్రాళ్ళు హడలిపోయి అరికాలి కింద సీసా పెట్టి గంటలు గంటలు దొర్లించడం, ఇటుక మీద నిలబడటం, యూట్యూబ్‌లో ఎవడో చెప్పిన నూనెలు రాయడం, ఇవన్నీ చేస్తారు. సీసా దొర్లిస్తే ఎముకల వంపు మారదురా బాబూ, మహా అయితే అరికాలు కాస్త హాయిగా ఉంటుంది. మన సాయుధ దళాల మెడికల్ స్టాండర్డ్స్‌లో రాసింది చదివితే, పాదం చూడ్డానికి చదునుగా ఉన్నా మునివేళ్ళ మీద నిలబడితే వంపు తిరిగొచ్చి, మునివేళ్ళ మీద గెంతుతూ పరిగెత్తగలిగి, పాదం మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే అభ్యర్థిని తీసుకోవచ్చు అనే ఉంది. దీని వెనక కారణం కూడా పాతదే, 1947లో హారిస్, బీత్ అనే డాక్టర్లు కెనడా సైనికులు 3600 మందికి పైగా కాళ్ళు చూసి మెత్తని ఫ్లాట్ ఫుట్ వల్ల సైనికుడి పని ఆగిపోదు అని తేల్చారు. పోలీసు బోర్డు వాళ్ళు కూడా నోటిఫికేషన్లో ఒక్క మాటతో వదిలెయ్యకుండా ఏ రకం ఫ్లాట్ ఫుట్, ఏ టెస్టుతో చూస్తారు అని నాలుగు లైన్లు వేస్తే కోచింగ్ సెంటర్ల పుకార్లు సగం చచ్చిపోతాయి.

ఇంతవరకూ అవసరం లేనివాళ్ళ సంగతి. అవసరం ఉన్నవాళ్ళ దగ్గరికి ఏ క్యాంపూ పోదు.

మా వదిన వరసావిడ ఒకామె ఒక పెద్ద బట్టల షోరూంలో చీరల సెక్షన్లో చేస్తుంది, ఏ షాపో చెప్పను, అన్నీ ఒకటే తంతు. పొద్దున్న పదికి ఎక్కితే రాత్రి తొమ్మిది, పండగ సీజన్లో పది. చీరలు పరిచే తెల్ల గుడ్డ పరుపు మీద చెప్పులు విప్పి వట్టి కాళ్ళతో నిలబడాలి, కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదు, సీసీ కెమెరాలో చూస్తారు. నలభై దాటింది, ఒళ్ళు కాస్త వచ్చింది, షుగర్ బోర్డర్లో ఉంది. ముందు సాయంత్రానికి చీలమండ లోపలివైపు ఎముక వెనకాల సలుపు, తర్వాత అక్కడ చిన్న వాపు, తర్వాత పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు నొప్పి, ఆపైన మోకాలు. "కాళ్ళు పీకేస్తన్నాయండి, ఏటి సేస్తాం, అందరికీ ఇంతే కదా" అంటుంది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు వేసుకుంటూ నెలలు నెట్టేసింది. ఆవిడ చెప్పు తిరగేసి చూపించింది ఒకసారి, మడమ దగ్గర లోపలి అంచు అట్ట బయటపడే దాకా అరిగిపోయింది, బయటి అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. ఆ చెప్పు చూస్తే చాలు, ఎక్స్‌రే కూడా తర్వాతే.

లోపల జరిగేది ఏంటంటే, పాదంలో 26 ఎముకలు ఉంటాయి, అవి వంపుగా నిలబడటానికి కింద పట్టీలు, ఎముకల్ని ఒకదానికొకటి కట్టే లిగమెంట్లు ఉన్నాయి, పిక్కల నుంచి దిగి చీలమండ లోపలి ఎముక వెనక నుంచి అరికాలి కిందకి పోయే ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడు, ఉంది, టిబియాలిస్ పోస్టీరియర్ అంటారు, వంపుని లాగి పట్టుకునేది ముఖ్యంగా అదే. లారీ కింద కమాను కట్టలు ఎలా లోడు పడ్డప్పుడు వంగి మళ్ళీ లేస్తాయో పాదం వంపు కూడా అలాగే. వయసు, బరువు, షుగర్, బీపీ, గంటలకొద్దీ నిలబడటం, ఇవన్నీ కలిస్తే ఆ టెండన్ నలిగి సాగిపోతుంది, నలభై దాటిన ఆడాళ్ళలో ఇది ఎక్కువ. అది పట్టు వదిలేస్తే వంపు కూలుతుంది, మడమ బయటికి వాలుతుంది, చీలమండ లోపలికి పడుతుంది, దాంతో మోకాలి కింది ఎముక లోపలికి తిరుగుతుంది, మోకాలు దాని వెంటే పోతుంది, మోకాలి చిప్ప దారి తప్పి రాపిడి పడుతుంది. అరికాలి పట్టీ సాగి మడమ నొప్పి, బొటనవేలు పక్కకి వంగి దాని మొదలు దగ్గర బుడిపె, పిక్కలు బిగుసుకోవడం, ఇవన్నీ వచ్చే అవకాశం ఉంది. తుంటికీ నడుముకీ కూడా ప్రభావం పాకొచ్చు. అలాగని ప్రతి నడుం నొప్పికీ ఫ్లాట్ ఫుట్టే కారణం అని చెప్పేవాణ్ణి నమ్మకండి, నడుం నొప్పికి సవాలక్ష కారణాలు, పాదం వాటిల్లో ఒకటి కావచ్చు, కాకపోవచ్చు.

గుర్తుపట్టడం కష్టం కాదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి చూడమనండి, ఎత్తలేకపోతే, ఎత్తబోతే లోపల నొప్పి పుడితే, ఆ టెండన్ మీద అనుమానం పెట్టుకోవాలి. వెనక నుంచి చూస్తే మామూలు కాలికి చిటికెనవేలు, దాని పక్కవేలు కనిపిస్తాయి, పాదం కూలిన కాలికి బయటివైపు మూడు నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. ఇదివరకు బాగున్న కాలు పెద్ద వయసులో చదునవుతోందంటే, అందులోనూ ఒక్క కాలే అయితే, అది పుట్టుక గుణం కాదు, చూపించుకోవాల్సిందే. మొదట్లో దొరికితే విశ్రాంతి, ఇన్‌సోల్, బ్రేసు, కసరత్తుతో నిలబెట్టొచ్చు, ముదిరి పాదం బిగుసుకుపోతే ఆపరేషన్ దాకా పోతుంది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది, ఇది మాత్రం కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉండి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి ఒక పాదం ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా, వాచిపోయి, నొప్పి పెద్దగా లేకుండా ఉంటే అది బెణుకు కాకపోవచ్చు, చార్కో అనే సమస్య కావచ్చు, స్పర్శ లేక అలాగే నడిచేస్తుంటే లోపల ఎముకలు నలిగి వంపు మొత్తం కుప్పకూలుతుంది. అప్పుడు షాపులో ఇన్‌సోల్ కొని పెట్టుకుంటే సరిపోదు, నడక ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి, కాలి మీద బరువు పడకుండా కట్టు వేస్తారు. మన సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆషాఢంలో, లక్షల మంది, ఎక్కువమంది వట్టి కాళ్ళతో తారు రోడ్డు మీద. అప్పన్న మీద భక్తికి నేను అడ్డు చెప్పను, నేనూ నడిచినవాణ్ణే, కానీ అరికాలు స్పర్శ పోయిన షుగర్ పేషెంట్లు దయచేసి ముందు కాళ్ళు చూపించుకోండి, సన్న నైలాన్ తీగతో అరికాలు తాకి చూసే టెస్టు నిమిషాల్లో అయిపోతుంది. కుష్ఠు రోగులకీ షుగర్ వాళ్ళకీ ఇచ్చే ఎంసీఆర్ మెత్తని రబ్బరు చెప్పులు ఉన్నాయి, మొద్దుబారిన కాలికి అవి ఒత్తిడి తగ్గించడానికే, చూడ్డానికి బాగోవని పక్కన పడేస్తారు మనవాళ్ళు.

ఇప్పుడు ఇన్‌సోళ్ళ సంగతి, ఆర్థోటిక్స్ అంటారు వాటిని. నేను ఇన్‌సోళ్ళకి వ్యతిరేకిని కాదు. నొప్పి ఉన్న చదును పాదానికి సరైనది పెడితే పని చేస్తుంది, వంపు కింద ఆసరా, మడమ పక్కకి వాలకుండా లోతు కప్పు, అవసరమైతే మడమ లోపలివైపు చిన్న ఎత్తు, ఈ మూడింటితో ఆ టెండన్ మీద లాగుడు తగ్గుతుంది, నడక నొప్పి తగ్గుతుంది. పూర్వం ఎముకల డాక్టర్లు థామస్ హీల్ అని రాసేవారు, బూటు మడమని లోపలివైపు అర అంగుళం ముందుకి పొడిగించడం, సిద్ధాంతం ఇదే. కానీ ఇన్‌సోల్ వంపుని పుట్టించదు, కళ్ళజోడు తీస్తే చూపు మళ్ళీ మసకే కదా అని మా ఫిజియో అమ్మాయి అంటుంది, నాకూ ఆ మాటే సరిపోయిందనిపించింది. వేసుకున్నంతసేపే ఆసరా.

రకాలు చాలా ఉన్నాయి. మెడికల్ షాపులో దొరికే మెత్తని సిలికాన్ జెల్‌వి మడమకి హాయిగా ఉంటాయి, వంపుని మాత్రం నిలబెట్టలేవు, బొటనవేలితో నొక్కితేనే అణిగిపోయేది ఒళ్ళు బరువుకి ఏం నిలుస్తుంది. కాస్త గట్టి ఈవీఏ ఫోమ్‌తో రెడీమేడ్‌గా వచ్చేవి ఉన్నాయి, చాలామందికి వీటితోనే మొదలెట్టొచ్చు. కాలి అచ్చు ఫోమ్ పెట్టెలోనో ప్లాస్టర్‌తోనో తీసి చేసేవి ఖరీదెక్కువ, పాదం బాగా వంకర తిరిగినవాళ్ళకి, రెడీమేడ్‌లో ఇమడనివాళ్ళకి ఇవి అవసరం. అందరికీ ఖరీదైనదే మంచిది అనుకోకండి, మడమ నొప్పి వాళ్ళ మీద 2006లో ఆస్ట్రేలియాలో చేసిన ట్రయల్‌లో రెడీమేడ్‌కీ అచ్చు తీసి చేసినదానికీ పెద్ద తేడా కనపడలేదు, మొదటి నెలల్లో రెండూ కాస్త సాయం చేశాయి, ఏడాది తిరిగేసరికి వాటితో వచ్చిన లాభం చెప్పుకోదగ్గదిగా లేదు. ఈ మాట క్యాంపుల్లో ఎవరూ చెప్పరు లెండి.

కొన్నాక మొదటి రోజే పొద్దున్నించి రాత్రి దాకా వేసుకుని "కాళ్ళు ఇంకా పాడయ్యాయి" అని పడేసేవాళ్ళు ఎక్కువ. మొదటి రోజు గంటో రెండు గంటలో వేసుకుని రోజూ కాస్త పెంచుకుంటూ పోవాలి. బూటులో ముందున్న ఇన్‌సోల్ తీసేసి పెట్టాలి, దాని మీద దీన్ని పెడితే మడమ పైకి లేచి జారుతుంది. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు వాళ్ళ సేఫ్టీ షూలకి ముందు స్టీలు టోపీ ఉంటుంది, వేళ్ళకి చోటు చాలదు, ఆ బూటు వెంట తీసుకెళ్ళి చూపించి చేయించుకోవాలి. ఎక్కడైనా కొత్తగా ఒరుసుకున్నా బొబ్బ వచ్చినా తిరిగి తీసుకెళ్ళాలి, అణిగిపోయాక మార్చాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇది. ఇన్‌సోల్ పుస్తకాలన్నీ బూట్లు వేసుకునే దేశాల్లో రాసినవి. మన ఆడాళ్ళు బూట్లు ఎక్కడ వేస్తారు, ఇంట్లో నున్నటి టైల్స్ మీద వట్టి కాళ్ళు, బయటికెళ్తే రెండు పట్టీల చెప్పులు, పైగా మన ఉక్కపోతకి మూసిన బూటులో కాలు నానిపోతుంది. ఐదు వేల ఇన్‌సోల్ షూలో పెట్టి ఆ షూ వారానికోసారి వేసుకుంటే ఎవరికి ఉపయోగం. వీళ్ళకి వంపు ఆసరా, మడమ కప్పు ఉండి వెనక పట్టీ ఉన్న శాండిల్ మేలు, ఇంట్లో వేసుకోవడానికి అలాంటిదే ఇంకో జత. డాక్టర్లు చీటీ రాసేటప్పుడు రోజులో ఎన్ని గంటలు కాలికి ఏం ఉంటుంది అని ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది.

దాంతో పాటు కసరత్తు. గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి మడమ నేలకి నొక్కి పిక్క సాగదీయడం అరనిమిషం, అలా రెండు మూడుసార్లు. మెట్టు అంచు మీద మడమలు మెల్లగా ఎత్తి మెల్లగా దించడం. వేళ్ళు ముడవకుండా పాదాన్ని కుదించి వంపు పైకి లాగడం, ఇది మొదట్లో రాదు, కుర్చీలో కూర్చుని చెయ్యాలి. వాపు, నొప్పి ఎక్కువ ఉన్నప్పుడు మాత్రం ఫిజియోని అడక్కుండా మొదలెట్టకండి. బరువు తగ్గమని చెప్పడం తేలిక, కాళ్ళు నొప్పులున్నవాళ్ళకి నడవమంటే ఎలా నడుస్తారు, ఈతో సైకిలో చెప్పాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అంటే ముందు ఎముకల డాక్టరు లేదా ఫిజికల్ మెడిసిన్ డాక్టరు, మన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఆర్థో ఓపీ ఉంది కదా. ఇన్‌సోల్ కొలతలు తీసేది ప్రాస్థెటిస్ట్ ఆర్థోటిస్ట్ అనే కోర్సు చదివినవాళ్ళు, 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యుండాలి, వాళ్ళకి ఒక నంబరు ఉంటుంది. క్యాంపులో ఎవరైనా మీ పిల్లాడికి అంటగట్టబోతే ఆ నంబరు అడగండి, ముందు మునివేళ్ళ మీద నిలబెట్టి చూశారా అని కూడా అడగండి. ఈ రెండు ప్రశ్నలకే టేబుల్ సర్దేసుకుని పోయినవాళ్ళని మా అపార్ట్‌మెంట్లో చూశాను.

ఎడిటర్ గారూ, మీ ద్వారా నేను అడిగేవి రెండు. ప్రభుత్వాసుపత్రుల షుగర్ ఓపీల్లో బీపీ చూసినట్టే కాళ్ళు కూడా విప్పించి చూడాలి, అవసరమైనవాళ్ళకి ఇన్‌సోళ్ళు, ఎంసీఆర్ చెప్పులు అక్కడే ఇవ్వాలి, పేదవాళ్ళు బయట కొనలేరు. రెండోది షాపుల్లో నిలబడేవాళ్ళ గురించి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు సవరించి పనివాళ్ళకి కూర్చునే సదుపాయం తప్పనిసరి చేశాయి. జగదాంబ జంక్షన్ నుంచి ద్వారకానగర్ దాకా మన షోరూముల్లో కస్టమర్ లేనప్పుడు కూర్చున్న సేల్స్ అమ్మాయిని నేనైతే చూడలేదు. చీరల పరుపు మీద వట్టి కాళ్ళతో నిలబడేవాళ్ళకి ఇన్‌సోల్ పెట్టుకునే చోటే లేదు, వాళ్ళకి కావాల్సింది స్టూలు. లేబర్ ఆఫీసు వాళ్ళు ఒక్క సాయంత్రం అలా వచ్చి చూడమనండి, దసరా సీజన్ రాకముందే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
మద్దిలపాలెం, విశాఖపట్నం